ఒక గుద్దు బాకీ

వాడు కొట్టాడా, కొట్టలేదా? నాన్న పోయిన దగ్గర్నుంచి ఈ ఒక్క ప్రశ్న నాతోపాటే నిద్ర లేస్తుంది, నాతోపాటే వంట చేస్తుంది, ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే దేవుడికన్నా ముందే వచ్చి కూర్చుంటుంది. దేవుణ్ణీ అడిగాను. పిల్లల్ని చల్లగా చూడమంటే వినే స్వామిని, ఆ సాయంత్రం ఆ ముందు గదిలో మా తమ్ముడి చెయ్యి నాన్న మీద లేచిందా లేదా అని అడగడం తప్పేనేమో. సాక్ష్యం చెప్పడం ఆయన పని కాదు కదా. అయినా అడిగాను. ఆయన ఊరుకున్నాడు. ఇవాళ మెత్తలు కుట్టిన ఈ గోడల మధ్య, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నాన్న ఫోనులోంచి తీసిన గోరంత కార్డుని యంత్రంలో పెట్టి కూర్చున్నాను. తెర మీద కర్సరు కొట్టుకుంటోంది. ఎవరిదో నాడిలా. ఒక్క మీట నొక్కితే చాలు. నీళ్ళ వ్యాను రావడానికి ఇంకో గంట ఉంది. వ్యాను వచ్చిందంటే వాడు వచ్చాడన్నమాట.

వాడు మా ఆఫీసుకి మంచినీళ్ళ క్యాన్లు వేస్తాడు. ఊళ్ళో ఇన్ని ఆఫీసులుండగా మాకే ఎందుకు వేయాలో ఆ పైవాడికే తెలియాలి. వెనక గేటు దగ్గర హారన్ మోగగానే నేను ఈ శబ్దాల గదిలోకి వచ్చి తలుపు వేసుకుంటాను. దుప్పటి మడతంత మందం ఈ తలుపు, వేస్తే చీమ చిటుక్కుమన్నా లోపలికి రాదు. వాడు మెట్లెక్కడం, క్యాన్ దించడం, ముందు గదిలో అమ్మాయిలు "ఏం బాబూ, నిన్న రాలేదేం, గొంతులెండి చచ్చాం" అని వేళాకోళమాడడం, ఏదీ నాకు వినపడదు. వాడు నా తమ్ముడని వాళ్ళకి తెలియదు. నేను ఈ గదిలో ఉంటానని వాడికి తెలుసు. ఒకసారి మెట్ల మీద ఎదురయ్యాడు, భుజం మీద క్యాన్‌తో. గోడకి ఒత్తిగిల్లి దారిచ్చాడు, నేను దిగి వెళ్ళిపోయాను. ఇద్దరం ఒకే గర్భంలో పడుకున్నవాళ్ళం. ఆ మెట్టు మీద ఇద్దరికీ మధ్య నీళ్ళు తొణికిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

నాకొచ్చిన చదువెంత? బడి దాటి రెండు మెట్లెక్కాను, అంతే. మా ఆయన షాపు మూతపడ్డాక టైపు చేయడానికని ఇక్కడ చేరితే, మాస్టారే పట్టుబట్టి ఈ శబ్దాల పని నేర్పారు. ఈయన బడి మాస్టారు కాదు. సౌండు పని తెలిసినవాడని అందరూ మాస్టారంటారు. ఉపన్యాసాలు, పాఠాలు, పాత పాటలు, ఎవరో పోయిన వాళ్ళ గొంతులు, ఎవరేం తెచ్చినా దుమ్ము దులిపి ఇవ్వడం మా పని. బొమ్మలున్న సాఫ్ట్‌వేరు ఆయన వాడరు. "అమ్మా, వంట చేత్తో చేస్తే వస్తుంది, ఫొటో చూస్తే రాదు" అని నాలుగు లైన్ల ప్రోగ్రామింగుతోనే అంతా చేయిస్తారు. మొదటి రోజు ఒక పాటని తెరిచి చూపించారు. పాట లేదు అందులో. అంకెలు. పైనుంచి కిందికి, అంతులేకుండా, కొన్ని సున్నాకి పైన, కొన్ని కింద. గాలి ముందుకి తోస్తే పైఅంకె, వెనక్కి గుంజితే కిందంకె, నిశ్శబ్దమైతే సున్నా. మనిషి గొంతంటే ఇంతేనాండీ అన్నాను. "ఇంతే. దేవుడి గొంతైనా ఇంతే, రికార్డు చేస్తే" అన్నారు. నాకు కోపం వచ్చింది, కాసేపయ్యాక ఆలోచన వచ్చింది. పై అంకెలూ కింది అంకెలూ అన్నీ కూడితే చివరికి సున్నాకి దగ్గరగా తేలుతుందిట, ఎంత అరిచిన ఫైలైనా. ఎవరి ఏడుపైనా ఎవరి కేకైనా మొత్తం మీద సున్నా. ఆ రోజు దీపం పెడుతూ ఆ మాటే తలుచుకున్నాను. ఓదార్పో భయమో తెలియలేదు.

పొద్దున ఒకటి జరక్కపోతే ఈ కార్డు జోలికి వచ్చేదాన్ని కాను. కుస్తీ పోటీల పాత రికార్డింగు ఒకటి వచ్చింది. జనం రొదలో వ్యాఖ్యాత గొంతు మునిగిపోయి ఉంది, పెంచాలి. పెంచడమంటే ఆ అంకెల వరసలో ఉన్న ప్రతి అంకెనీ హెచ్చవేయడమే. మూడుతో హెచ్చిస్తే మూడింతల మోత. తొందరలో హెచ్చవేసి పంపేశాను. కాసేపటికి మాస్టారు తలుపులోంచి తల పెట్టారు.

"అమ్మా, కుస్తీ పోటీకి తుపాకీ ఎవరు తెచ్చారు?"

"తుపాకీ ఏమిటండీ?"

"నన్నడుగుతారేం? వ్యాఖ్యాత ‘ఎత్తేశాడు’ అనగానే ఫట్టుమంటోంది. గెలిచినవాణ్ణి కాల్చేశారు మీరు."

విన్నాను. నిజమే. వ్యాఖ్యాత ఉత్సాహం పట్టలేక గొంతు చించుకున్న చోటల్లా ఠప్, ఠప్ అని పేలుతోంది. నవ్వుతూనే చెప్పారాయన, ముందు దశాంశాల్లోకి మార్చుకోవాలమ్మా, తర్వాత పెంచాలి అని. అంకె కూర్చునే ఒక్కో గడికీ ఇంతని పట్టు ఉంటుందిట, దశాంశాలైతే ఆ హద్దు ఉండదుట. అంతకు మించిన అంకె వేస్తే గడి పగిలిపోదు, తప్పని కూడా చెప్పదు. మేడ పైమెట్టు మీద ఇంకో అడుగు వేస్తే నేలమాళిగలో తేలినట్టు, పై కొసన ఉన్న అంకె చటుక్కున కింది కొసకి పడిపోతుంది. లోకంలో ఏ గాలీ అలా దూకదు. ఏ దెబ్బకీ దూకదు. అందుకే చెవికది తుపాకీలా, కొరడాలా, చెంప మీద చెళ్ళుమన్న చెయ్యిలా వినిపిస్తుంది. "కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ ఈ గోతిలో పడ్డవాడేనమ్మా, నేనూ పడ్డాను" అని వెళ్ళిపోయారు. ఎక్కడ గొంతు బాగా పెరిగితే అక్కడ దెబ్బ పుడుతుంది, ఎవరూ కొట్టకుండానే. ఈ ఠప్ నాకు తెలుసు. ఇంటిల్లిపాదిమీ విన్నాం దీన్ని. అమ్మ విన్న ఠప్ ఇదే.

నాన్నది రేకుల షాపు. పొద్దున్నుంచి దీపాలవేళ దాకా ఇనుప దిమ్మ మీద రేకు పెట్టి సుత్తితో కొట్టడం. డబ్బాలు, గొట్టాలు, బక్కెట్లు. ఆ మోతకి చెవులు సగం పోయి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినపడేది. చెయ్యి కూడా అంతే, సుత్తి దించినా సుత్తిగానే ఉండేది. అన్నం మెత్తబడితే కంచం ఎగిరేది. గోడకి తగిలి సొట్టపడ్డ కంచాన్ని మర్నాడు తనే షాపుకి తీసుకెళ్ళి చక్కగా సాపు చేసి తెచ్చేవాడు. మా ఇంట్లో సొట్ట లేని గిన్నె ఉండేది కాదు, సాపు చేయని సొట్టా ఉండేది కాదు. మనుషుల సొట్టలకి ఆయన దగ్గర పనిముట్టు లేదు. బెల్టు చప్పుడు నాకు తెలుసు, ఈలలా వచ్చి చివర చెమ్మగా ఆగుతుంది. అమ్మ జుట్టు పట్టి తల తలుపుకేసి కొట్టిన చప్పుడు తెలుసు. తలుపు మోగుతుంది, తల మోగదు. తమ్ముడు చిన్నప్పుడు మెరుగు నూనె డబ్బా ఒలకబోసినందుకు ఎడం చెంప మీద ఒక్కటిచ్చాడు. పొద్దున దిండు మీద చెవి ఉన్నంత మేర నెత్తురు. ఆ తర్వాత ఆ చెవి పలకలేదు. వాడు మాట వినాలంటే పిట్టలా మెడ తిప్పి కుడి చెవి ఇస్తాడు. దాన్ని చూసి నాన్నే "చెవిటి వెధవ" అని పిలిచేవాడు. చేసినవాడే పేరు కూడా పెట్టాడు.

అలాంటి మనిషి ప్రార్థనకి వెళ్ళడం ఒక్క సాయంత్రమూ మానేవాడు కాదు. ముందు వరుసలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. నటన కాదు, నాకు తెలుసు, ఆ నీళ్ళు నిజం. ఇంటికొచ్చాక ఆ బెల్టూ నిజమే. స్వామీ, రెండూ నువ్వే విన్నావు కదా, ఏది లెక్కలోకి తీసుకున్నావు? కొట్టే చేతులు జోడిస్తే వాటి మీద కొట్టిన గుర్తులు నీకు కనపడవా, కనపడినా ఊరుకుంటావా? ఇది అడగడానికి నాకు అర్హత ఉందో లేదో. ఉందనే అనుకుంటాను, రోజూ దీపం పెట్టేదాన్ని కనక.

తమ్ముడికీ నాకూ మధ్య మాత్రం కొట్లాట ఒక ఆట. ఎక్కణ్ణుంచో పిల్లిలా వచ్చి వీపు మీద ఒక్క గుద్దు గుద్ది "అక్కా, బాకీ!" అని పారిపోతాడు. నేను తీర్చాలి. తీరిస్తే మళ్ళీ వాడు పెడతాడు. నా పెళ్ళి పీటల మీద కూడా దండ సర్దే వంకతో ఒకటి వేశాడు, మా ఆయన బిత్తరపోయి చూశాడు. దెబ్బలే భాషగా ఉన్న ఇంట్లో మేం మాట్లాడుకున్న ముద్దు మాట అది. నాన్న పోయిన రోజు పొద్దున అమ్మని చూద్దామని వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వీపు మీద పడింది. తిరిగేసరికి సైకిలెక్కేశాడు. "బాకీ అక్కా! వడ్డీ పెరుగుద్ది!" అంటూ సందు తిరిగాడు. ఆ గుద్దు నేను తీర్చలేదు. తీర్చే వేళ రాలేదు. ఇప్పటికీ వాన ముసురు పట్టినప్పుడు వీపులో అక్కడే నొప్పి ఉన్నట్టుంటుంది. ఉండదని తెలుసు.

ఆ సాయంత్రం ప్రార్థన పాట మళ్ళీ వినాలని నాన్న ఫోనులో రికార్డు నొక్కి చొక్కా జేబులో వేసుకున్నాడు, ఆపడం మరిచిపోయాడు. అది పాటని మింగింది, దారిని మింగింది, ఇంటిని మింగింది. నాన్న అమ్మ మీద చెయ్యెత్తాడనీ, తమ్ముడు అడ్డం వెళ్ళి మణికట్టు పట్టుకున్నాడనీ, తను భయపడి పక్కింటికి పరుగెత్తాననీ, ఇంతే అమ్మకి తెలుసు. తిరిగొచ్చేసరికి నాన్న నేల మీద ఉన్నాడు, వాడు ఆయన మీద వంగి ఉన్నాడు. డాక్టరు గుండె అన్నాడు. స్నానం చేయించినవాళ్ళు రొమ్ము మీద కమిలిన మచ్చలు చూశారు. "గుండె దానంతటది ఆగితే మచ్చలెందుకురా? నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అన్నాడు పెదనాన్న. కంప్యూటరు కోర్సు చేస్తున్న మా బాబాయి కొడుకు ఫోను తడిమి ఆ రికార్డింగు పట్టుకున్నాడు. జేబులోది కదా, గొణుగుడు తప్ప ఏమీ తెలియలేదు. "లెక్కల్లో పెట్టి పెంచుతా ఉండండి" అని రాత్రికి రాత్రి పెంచాడు, కావాల్సిన ముక్క కోసి బంధువులందరికీ పంపాడు. నాన్న గొంతు, "కొట్టరా! కొట్టు!" వెంటనే ఠప్. పడిన చప్పుడు. అంతే ముక్క. "తర్వాతంతా కొడుతూనే ఉన్నాడు పెద్దమ్మా, నువ్వు వినలేవు, అందుకే కోసేశా" అన్నాడు అమ్మతో, కళ్ళ నిండా నీళ్ళతో. చెడ్డవాడు కాదు, తొందరవాడు.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు అందరూ లేచారు. పెదనాన్న చెప్పు తీశాడు. బాబాయి కర్ర తీశాడు. తమ్ముణ్ణి వీధిలోకి ఈడ్చుకెళ్ళి, పడేసి, డొక్కల్లో తన్నారు. పెదవి చీలి పళ్ళు ఎర్రబడ్డాయి. వాడు ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. "నేను కొట్టలేదు" అన్నాడు. మచ్చలెలా వచ్చాయిరా అని జుట్టు పట్టి లేపితే "లేస్తాడని కొట్టాను, గుండె మీద" అన్నాడు. "విన్నారా, కొట్టానని వాడి నోటితోనే!" అని మళ్ళీ పడ్డారు. నేను అమ్మని పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. కొట్టలేదంటాడు, కొట్టానంటాడు. వాడు మెడ తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు, నేనేమంటానోనని. నేనేమీ అనలేదు. చివరికి పెదనాన్నే ఆపాడు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, పోలీసులెందుకు, వీడు గడప తొక్కకుండా ఉంటే చాలు అని. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. వాడి పేరెత్తితే కంచం ముందునుంచి లేచిపోతుంది.

నొక్కాను. ఫోను ముడిచి దాచినదంతా విప్పుకుని తెర మీద అంకెలై పారింది. మొదట పాట. నాన్న కూడా పాడుతున్నాడు, గట్టిగా, శ్రుతి లేకుండా. ఆ గొంతు వినగానే నా చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చి ముడుచుకున్నాయి, చిన్నప్పటిలాగే. తర్వాత చొక్కా రాపిడి, చెప్పుల చప్పుడు, మా సందులో కుళాయి. కాలం మొత్తం ఒక బారుగా పడుకుని ఉంది నా ముందు. ఇక్కణ్ణుంచి ఇక్కడికి అని రెండు అంకెలు రాస్తే ఆ ముక్క చేతికొస్తుంది. కావాలంటే వెనక్కి తిప్పచ్చు. తిప్పాను కూడా, ఎందుకో. నాన్న తిట్టు తిరగేసి వింటే తిట్టులా లేదు, ఎవరో మునిగిపోతూ గాలి మింగుతున్నట్టుంది. కావాలంటే ఆ ముక్కంతా సున్నాలు చేసేయచ్చు. ఒక్క లైను. అప్పుడు అమ్మ మీద లేచిన చెయ్యి లేదు, ఆ బూతు లేదు, ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. క్షమించడం అంటే అదేనా, గడులన్నీ సున్నా చేయడం? ఫైలు పొడవు మాత్రం తగ్గదు. ఏమీ వినపడని ఆ కాస్త మేరా ఉండనే ఉంటుంది, ఇక్కడ ఏదో ఉండేదని చెబుతూ. నేను చెరపలేదు. ముందుకి వెళ్ళాను.

మొదట బాబాయి కొడుకు చేసినట్టే చేశాను. దశాంశాల్లోకి మార్చలేదు. ఉన్న అంకెల్ని ఉన్నట్టే పట్టుకుని హెచ్చవేశాను, మూడుతో కాదు, ఐదుతో కాదు, ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి దొరికింది. "కొట్టరా! కొట్టు!" ఠప్. అదే. నూటికి నూరుపాళ్ళు అదే. ఇన్నేళ్ళూ నిద్రలో వినపడిందీ ఇదే. కోయకుండా వదిలి విన్నాను. పడిన చప్పుడు. ఆ తర్వాత ఠప్, ఠప్, ఠప్, ఠప్, కొరడాలు వరసగా, ఆగకుండా, మధ్యలో మనిషి మాట అనేదే లేకుండా. తర్వాతంతా కొడుతూనే ఉన్నాడు పెద్దమ్మా. పాపం, ఆ కుర్రాడు విన్నది ఇదే. దీన్ని విన్నవాడెవడైనా కోసేస్తాడు. నేనే అయినా కోసేసి, తల్లికి వినపడకుండా కాపాడాననుకుని ఏడుస్తాను.

పొద్దున మాస్టారు చెప్పినట్టు మొదలుపెట్టడానికి చాలాసేపు చేతులు రాలేదు. దశాంశాల్లోకి మార్చడం ఒక్క మాట. అది టైపు చేసి ఆగిపోయాను. ఇప్పటిదాకా సందేహం ఉంది, సందేహంలో వాడు సగం బతికి ఉన్నాడు. ఇది విన్నాక నిజంగా చెయ్యి లేచిందని తేలితే? స్వామీ, నువ్వు ఊరుకున్నది అందుకేనా? బతికినన్నాళ్ళు ఆ మనిషి కొట్టిన దెబ్బలకి ఒక్కటి తిరిగి పడితే మాత్రం తప్పా అని నాలో ఒకత్తి అంటోంది. తప్పే అని దీపం పెట్టేది అంటోంది. ఇద్దర్నీ కూర్చోమని మీట నొక్కాను.

ఠప్ లేదు. అంకెలు చూశాను, ఆ చోట అగాధం లేదు. నున్నటి కొండ, ఎక్కింది, దిగింది. గొంతు పగిలేలా ఒక మనిషి అరిచిన అరుపు, అంతే. కొంచెం ముందు నుంచి విన్నాను. "అమ్మ మీద చెయ్యెత్తకు నాన్నా. నన్ను కొట్టు." తమ్ముడి గొంతు, దూరంగా, మెత్తగా. "నా చెయ్యి పట్టుకుంటావురా చెవిటి వెధవా? మగాడివైతే కొట్టు! కొట్టరా!" "నేను కొట్టను నాన్నా. నువ్వు కూర్చో, చెమటలు పడుతున్నాయి." "కొట్టు!" ఆ తర్వాత జేబు గుడ్డ రాపిడి. ఊపిరి ఒకటి లోపలికి వెళ్ళింది, బయటికి రాలేదు. గుండె చప్పుడు వినపడుతుందేమోనని వెతికాను, అంత దగ్గరగా ఉంది కదా ఫోను, వినపడలేదు. కుర్చీ జరిగింది. మనిషి పడ్డాడు. "నాన్నా? నాన్నా, ఇటు చూడు." ఆ తర్వాత మొదలైంది. ధబ్. ధబ్. ధబ్. కొరడాలు కావు. మట్టి గోడని పిడికిలితో గుద్దినట్టు, మెత్తగా, లోతుగా, సరిగ్గా జేబు పక్కనే. ఒక్కో ధబ్‌కీ ఒక్కో మాట. "లే. నాన్నా. లే. కొట్టు నన్ను. లేచి కొట్టు." మధ్యలో ఒకసారి "అక్కా!" అని అరిచాడు. ఎవరైనా రండి అని కాదు, అక్కా అని. నేనక్కడ లేను. రెండు వీధుల అవతల నా ఇంట్లో పిల్లాడికి స్నానం చేయిస్తున్నాను. మళ్ళీ ధబ్. ధబ్. అలిసిపోయి, నెమ్మదించి, అయినా ఆపకుండా, అమ్మ వచ్చి కేక పెట్టేదాకా.

కొట్టాడు. అవును, కొట్టాడు. ఆ ఇంట్లో తిన్న దెబ్బలన్నింటికీ బదులు వాడు తిరిగి కొట్టినవి అవే. నేను హెడ్‌ఫోన్లు తీసేసి బల్ల మీద తల పెట్టాను. ఏడుపు రాలేదు, పిడికిళ్ళు బిగుసుకున్నాయి, ఎవర్ని కొట్టాలో తెలియలేదు. బాబాయి కొడుకునా? పొద్దున నేను చేసిందీ వాడు చేసిందీ ఒకటే తప్పు. పెదనాన్ననా? ఆయన మంచం పట్టాడు, మాట పోయింది. నాన్ననా? నన్నా? తమ్ముడు వీధిలో నెత్తురు కక్కుతూ చెప్పిన రెండు మాటలూ నిజమే. కొట్టలేదన్నదీ నిజం, కొట్టానన్నదీ నిజం. తోడబుట్టినవాడు నోరారా చెబితే చాలలేదు నాకు. అంకెలు చెప్పాలా? గోరంతది కొండంతయితే నమ్మాను, గోరంతగా ఉన్నప్పుడు చెవి పెట్టలేదు. స్వామీ, నువ్వు ఊరుకున్నావనుకున్నాను. జవాబుని దగ్గర పెట్టుకుని తిరుగుతున్నది నేనే కదా ఇన్నేళ్ళూ, బ్యాగులో, జిప్పు వేసి.

ఈ గదిలోకి హారన్ వినపడదు. కానీ తలుపుకున్న చిన్న అద్దంలో ఎవరిదో నీడ కదిలింది. లేచి తలుపు తీశాను. ముందు గది మోత మొత్తం ఒక్కసారిగా మీదపడింది, ఫ్యాను, టైపు, నవ్వులు. వాడు అటు తిరిగి ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. క్యాన్ ఎత్తి నీళ్ళ స్టాండు మీద బోర్లించాడు. గుడగుడమని పెద్ద బుడగ లేచింది. మెడ దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో. ఒక అమ్మాయి "ఈసారైనా మూతకి ముక్కు వాసన లేకుండా తెచ్చావా?" అంది. "మీ ముక్కు సంగతి చూసుకోండి మేడం" అన్నాడు, ఖాళీ క్యాన్ అందుకోడానికి వంగుతూ. నేను వెళుతున్న వైపు వాడి ఎడం చెవి ఉంది. కనక వినపడలేదు. పిడికిలి ఇంకా బిగిసే ఉంది.

వీపు మధ్యలో ఒక్క గుద్దు గుద్దాను. ఉన్న బలమంతా పెట్టి.

ధబ్ మంది. మెత్తగా, లోతుగా. టైపు ఆగిపోయింది. మాస్టారు కళ్ళజోడు నెత్తి మీదికి తోశారు. వాడి చేతిలోంచి ఖాళీ క్యాన్ జారి, దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి ఆగింది. వాడు తిరగలేదు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, భుజాలు మాత్రం ఒకసారి పైకి లేచి దిగాయి. తర్వాత మెల్లగా, పిట్టలా మెడ తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టాడు. ఆ రోజు గుమ్మంలో నా వైపు పెట్టినట్టే.

"విన్నానురా" అన్నాను. "మొత్తం విన్నాను. సాయంత్రం ఇంటికి రా, అమ్మ కూడా వినాలి."

వాడు లేచి నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు. కళ్ళు నిండిపోయాయి, మూతి మాత్రం ఎప్పటిలాగే ఒక పక్కకి వంకర పోయింది.

"అసలు ముట్టింది" అన్నాడు. "వడ్డీ ఏదే అక్కా?"